కాగితంలో నాయక్, తండాలో నాయక్

ఊరి చరిత్రలు, ఇంటి వంశావళులు రాయాలని ఈ మధ్య చాలామంది యువకులు ఉత్సాహపడుతున్నారు. మంచిదే. వాళ్ళకు పనికొస్తుందని నా తప్పు ఒకటి ఇక్కడ చెబుతున్నాను. బాన్సువాడ చుట్టుపక్కల బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. చరిత్ర అంటే ఇష్టం. ఆ ఇష్టంతోనే ఒక లంబాడా తండాకు నాయక్‌ల వంశావళి రాసిచ్చాను. అందులో ఒక మనిషి పేరు వదిలేశాను. ఆ ఒక్క పేరు వల్ల ఒక్కటిగా ఉన్న రెండు ఇళ్ళు వేరయ్యాయి.

మా వైపు చరిత్ర మీద మనసున్నవాళ్ళు ముందుగా పోయేది కౌలాస్ కోటకే. జుక్కల్ మండలంలో, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గర్లో ఉంటుంది. ఓరుగల్లును ఢిల్లీ పాలన నుంచి విడిపించిన కాపయ నాయకుడు ఆ తర్వాత బహమనీ సుల్తానుకు వదులుకోవలసి వచ్చిన కోట అది. 1857 తిరుగుబాటు దక్కనుకు పాకినప్పుడు కౌలాస్ రాజా దీప్ సింగ్, రంగారావు, సఫ్దరుద్దౌలా చేతులు కలిపి ఇంగ్లీషువాళ్ళ మీద దండు కూడగట్టబోయారు. పట్టుబడ్డాక సఫ్దరుద్దౌలా జాగీరు పోయింది, దీప్ సింగ్ జైలు పాలయ్యాడు, రంగారావును అండమాన్‌కు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. ఈ కథ నేను ఎన్నో తరగతుల పిల్లలకు చెప్పాను.

సంస్థానాల వంశావళి రాయడంలో ఒక సౌకర్యం ఉంది. రాజు పోతే కొడుకు, కొడుకు లేకపోతే దత్తుడు. ఎవరు గద్దె ఎక్కినా పైసర్కారు మంజూరు కావాలి. అంటే ప్రతి వారసుడి వెనకా ఏదో ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితాలు వరుసగా పేర్చుకుంటూ పోతే వంశవృక్షం తయారవుతుంది. దోమకొండ, సిర్నాపల్లి, కౌలాస్ సంస్థానాల గురించి చదివీ చదివీ, పెద్దరికం అంటే తండ్రి నుంచి కొడుక్కి దిగేదనీ, దానికి సర్కారు ముద్రే రుజువనీ నాలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకంతోనే తండాలో అడుగుపెట్టాను.

2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి. అప్పటిదాకా పక్క ఊరి పంచాయతీకి తోకగా ఉన్న తండాలకు తమ పేరు, తమ సర్పంచి, తమ ఆఫీసు వచ్చాయి. ఆ సంబరంలో నా పాత విద్యార్థులు కొందరు ఇంటికొచ్చారు. "సార్, మా తండాకు మొదట్నుంచి నాయక్‌లు ఎవరెవరో వరుసగా రాసియ్యుండ్రి. సేవాలాల్ జయంతికి ఫ్లెక్సీ కొట్టిస్తం. చిన్న పుస్తకం గూడ ఏస్తం" అన్నారు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. రాజుల చరిత్ర రాసిన చేత్తో తండా చరిత్ర రాయడం నా బాధ్యత అనుకున్నాను.

ఆ చరిత్ర తక్కువదేం కాదు. మొగలాయి సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటికి ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద మోసుకొచ్చింది లంబాడాలే. భంగీ, జంగీ అనే ఇద్దరు నాయక్‌ల పేర్లు ఇప్పటికీ తండాల్లో వినిపిస్తాయి. లక్షల ఎద్దులతో మొగలు దండు వెంట వచ్చారనీ, వాళ్ళకు మేత, నీళ్ళు ఎక్కడా అడ్డుకోవద్దని రాగిరేకు మీద రాసిచ్చారనీ చెప్పుకుంటారు. కంబర్లెజ్ అనే ఇంగ్లీషు అధికారి ఈ ముచ్చట 1882లోనే రాసిపెట్టాడు. టిప్పు సుల్తాను మీద యుద్ధాల్లో ఇంగ్లీషు సైన్యానికీ వీళ్ళ ఎద్దులే దిక్కయ్యాయి. అదే ఇంగ్లీషువాళ్ళు రోడ్లు వేసి, రైళ్ళు నడిపాక ఎద్దుల మీద సరుకు మోసే వ్యాపారం దెబ్బతిన్నది. తిరిగే బిడారులు ఒక్కొక్కటిగా అడవి అంచుల్లో ఆగిపోయి తండాలయ్యాయి. మా దగ్గర మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ పనులకు, ఆ తర్వాత కాలువల కింది సేద్యానికి కూలికి వచ్చి నిలబడ్డ కుటుంబాలూ ఉన్నాయి.

ప్రతి తండాకూ ఒక నాయక్. ఆయనకు సాయంగా పక్కన కారోబారి. తగాదా వస్తే పెద్దలంతా నసాబ్‌లో కూర్చుంటారు. పెళ్ళి సంబంధం నుంచి పశువుల బేరం దాకా అక్కడే తేలుతుంది. నాయక్ పదవి మామూలుగా ఒకే ఇంట్లో నడుస్తుంది. కానీ ఆ ఇంట్లో పుట్టినంత మాత్రాన నాయక్ అయిపోడు. తండా ఆయన మాట వినాలి. వినని రోజున ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటారు, లేదా కొన్ని ఇళ్ళు విడిపోయి ఇంకో తండా కట్టుకుంటాయి. ఈ సంగతి నేను పుస్తకంలో చదివినవాణ్ణే. రాసేటప్పుడు పట్టించుకోలేదు.

నన్ను పిలిచిన పిల్లలు నాయక్ ఇంటివాళ్ళు. వాళ్ళ రేకుపెట్టెలో పాత కాగితాలు ఉన్నాయి. బట్టలో చుట్టి, మడతల దగ్గర చిరిగిపోయి, అన్నీ ఉర్దూలోనే. బాన్సువాడలో ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అద్దం పెట్టుకుని ఓపికగా చదివి చెప్పారు. వాటిలో ఒకటి అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టిన పన్ను రసీదు. 1338 ఫసలీ, అంటే 1928-29 నాటిది. అందులో "ఫలానా వల్ద్ ఫలానా, నాయక్" అని ఉంది. అంటే ఫలానావాడి కొడుకు ఫలానా. తండ్రి పేరు తండాలో అందరికీ తెలిసిన పాత నాయక్‌ది. కొడుకు నన్ను పిలిచిన పిల్లల ముత్తాత.

నాకు ఇంకేం కావాలి? సర్కారు కాగితం, సంవత్సరం, తండ్రి పేరు, కొడుకు పేరు అన్నీ దొరికాయి. తండ్రి తర్వాత కొడుకు, ఆయన తర్వాత ఆయన కొడుకు. గీత గీసినంత సూటిగా వంశావళి వచ్చేసింది. వెనక్కి లెక్క వేస్తే రసీదు రాసిన రోజుకు ఆ కొడుక్కి పదేళ్ళు కూడా దాటవని నాకు తట్టాల్సింది. పదేళ్ళ పిల్లవాడు నసాబ్‌లో కూర్చుని పెద్దల తగాదాలు ఎట్లా తీరుస్తాడు? ఆ ప్రశ్న వేసుకుని ఉంటే తప్పు అక్కడే దొరికేది. కాగితం దొరికిన ఆనందంలో లెక్క చూడనే లేదు.

ఇంకో అవకాశం కూడా చేజార్చుకున్నాను. లంబాడాల వంశాలను తరతరాలుగా నోటితో కాపాడుతున్నవాళ్ళు ఢాడీలు. రాథోడ్, పమార్, చౌహాన్, వడ్త్యా వంశాల కొమ్మలు, వాటి పెద్దల పేర్లు పాటగా పాడతారు. భూక్యా ఏ కొమ్మది, జర్పుల ఏ కొమ్మది అని వాళ్ళను అడిగితే తడుముకోకుండా చెబుతారు. ఆ తండాకు వచ్చిన ఒక ఢాడీ పాటను నా ఫోన్‌లో రికార్డు కూడా చేశాను. అందులో ఒక్క సంవత్సరం లేదని పక్కన పెట్టేశాను. పాటను వేడుకగా విన్నాను, సాక్ష్యంగా వినలేదు.

ఫ్లెక్సీ వచ్చింది. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతినాడు తండా నడిబొడ్డున కట్టారు. పైన లంబాడాల గురువు సేవాలాల్ మహారాజ్ బొమ్మ, కింద నేను రాసిన వరుస. పుస్తకం ఇంటింటికీ పంచారు. నాకు శాలువా కప్పారు. కొందరు ఏమీ మాట్లాడకుండా నిలబడి చూసి వెళ్ళిపోయారు. అది కూడా నాకు అనుమానం కలిగించలేదు.

కీడు బయటపడింది శ్రావణంలో, తీజ్ పండుగకు. పెళ్ళికాని పిల్లలు వెదురుబుట్టల్లో పుట్టమన్ను, ఎరువు కలిపి పోసి, నానబెట్టిన గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. మొలకలు ఎంత పచ్చగా, ఎంత ఎత్తుగా వస్తే పిల్లకు అంత మంచి జరుగుతుందని నమ్మకం. చివరిరోజు ఆ మొలకలు పెద్దల తలపాగాల్లో పెట్టి దీవెనలు తీసుకుంటారు. బుట్టలన్నీ మంచె మీద ఒకేచోట ఉండాలి. సాధారణంగా అది నాయక్ వాకిలి. ఈ తండాలో మాత్రం నాయక్ ఇంట్లో కాకుండా ఆ పక్క వరుసలో ఉన్న ఇంకో ఇంటి వాకిట్లో పెడుతూ వచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ ఏడు నాయక్ ఇంటివాళ్ళు అడిగారు. "పుస్తకంలో చూసుకోండ్రి. మొదటి సంది నాయక్‌లం మేమే. మంచె మా వాకిట్ల పడాలె" అన్నారు. అవతలి ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి రెండు మంచెలు వేశారు. ఒక్క పాట పాడే పిల్లలు రెండు గుంపులయ్యారు. ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఆడపిల్లలు తొమ్మిది రోజులు ఎదురుపడితే తల తిప్పుకున్నారు.

ఆ అవతలి ఇంటి పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని బాన్సువాడలో మా ఇంటికి వచ్చింది. చేతులకు పాతకాలపు గాజులు, కళ్ళకు దళసరి అద్దాలు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, అరుగు మీదే కూర్చుంది. నేను రాసిన పుస్తకం కొంగులోంచి తీసి నా ముందు పెట్టింది.

"సారూ, నువ్వు రాసినదాంట్ల మా తాత లేడు. లేకుంటే లేకపాయె, సచ్చినోనికి పేరెందుకు? గని మా వాకిట్ల తీజ్ ఎందుకు లేకుండ జేస్తివి?"

నేను ఉర్దూ రసీదు సంగతి చెప్పాను. ఆమెకు ఆ రసీదు సంగతి నాకంటే బాగా తెలుసు.

"పెద్ద నాయక్ సచ్చిపోయిండు. కొడుకు చిన్న పోరడు. నాయక్‌కు సొంత తమ్ముడు మా తాత. తండను ఆయననే నడిపిండు. పంచాతి చెప్పుడు, పెండ్లిల్లు కుదుర్చుడు, కరువొస్తె పసులను తోలుకపోవుడు, అన్ని ఆయననే. సర్కారోళ్ళు పేరడిగితే మా తాత పేరు చెప్పలేదు. చౌకీల పెద్దోని పేరు పడితే యాడ దొంగతనమైన ముందుగాల ఆయన్నే పట్టుకపోతరు గద. పోరన్ని పట్టుకపోయి ఏం జేస్తరు? గందుకే పోరని పేరు చెప్పిన్రు. తండంత ఒక్కమాట మీద ఉండె."

కాసేపాగి మళ్ళీ అంది. "పోరడు పెరిగినంక పెద్దరికం ఆయనకు ఇచ్చేసిండు మా తాత. ఒక్కనాడు గూడ నాదన్నడు కాదు. అప్పుడు తండోళ్ళే అన్నరు, తీజ్ మాత్రం నీ వాకిట్లనే ఉండాలె అని. గంతే సారూ."

ఎనిమిది దశాబ్దాలకు పైగా ఆ తండా తన పెద్దమనిషికి కృతజ్ఞత చెప్పుకుంటున్నది ఆ వాకిట్లోనే. నేను ఆ వాకిలి ముందు నుంచే నడిచి, రేకుపెట్టె ఉన్న ఇంటికి పోయాను.

ఆమె చెప్పిన భయం ఉత్తది కాదు. ఇంగ్లీషు సర్కారు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి, పేర్లు నమోదు చేసి, హాజరు వేయించింది. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. నిజాం రాజ్యంలోనూ లంబాడాల మీద అదే అనుమానం, అదే నిఘా. ఒకప్పుడు సైన్యాలకు తిండి మోసినవాళ్ళను దొంగల జాబితాలో పెట్టారు. నిజాంల కాలపు లంబాడాల మీద భంగ్యా భూక్యా రాసిన "సబ్జుగేటెడ్ నొమాడ్స్" పుస్తకం 2010లో వచ్చింది. అది నా బీరువాలోనే ఉంది. పన్ను రసీదు చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ పుస్తకం గుర్తుకు రావాల్సింది. ఆ పేరు ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఏం జరుగుతుందని భయపడి చెప్పారు అని అడిగి ఉండాల్సింది.

ఆ తర్వాత ఇలాంటి తప్పులు ఇంకెక్కడ జరిగాయోనని వెతుక్కుంటూ చదివాను. అమెరికాలో చెరోకీల కథ దగ్గర ఆగిపోయాను. వాళ్ళలో బిడ్డ తల్లి వంశానికి చెందుతుంది. మొత్తం ఏడు వంశాలు. పిల్లల మీద తండ్రి కంటే మేనమామకు ఎక్కువ పెద్దరికం. ఏ ఊరి పెద్దలు ఆ ఊరికే. అందరికీ కలిపి ఒక రాజు లేడు. 1730లో అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లాండ్ మనిషి అక్కడికి పోయి టెల్లికో ఊరి పెద్ద మొయ్‌టాయ్‌ని చెరోకీల చక్రవర్తి అన్నాడు. ఏడుగురు చెరోకీలను లండన్ తీసుకుపోయి రెండవ జార్జి రాజు ముందు నిలబెట్టాడు. 1741లో మొయ్‌టాయ్ పోయాక, తమ దేశపు రివాజు ప్రకారం, ఇంకా పిల్లవాడైన ఆయన కొడుకు అమౌస్కొసిట్టేని ఇంగ్లీషువాళ్ళు చక్రవర్తిగా గుర్తించారు. ఆ పిల్లవాడి మాట చెరోకీ ఊళ్ళలో చెల్లలేదు. కొన్నేళ్ళకే వాళ్ళంతా చోటా అనే ఊళ్ళో ఓల్డ్ హాప్ అనే పెద్దాయన వైపు తిరిగారు. ఇంగ్లీషు దస్తావేజుల్లో ఒకరు చక్రవర్తి, చెరోకీల మనసుల్లో ఇంకొకరు పెద్ద. ఆ చక్రవర్తి కథ చదువుతుంటే నా 1338 ఫసలీ రసీదు కళ్ళముందు మెదిలింది.

కాగితంలో ఎవరు పెద్ద అన్నది ఎంత దూరం పోతుందో కూడా చెరోకీల చరిత్రే చెబుతుంది. 1828 నుంచి చనిపోయేదాకా, అంటే 1866 వరకు, వాళ్ళ ప్రధాన నాయకుడు జాన్ రాస్. రక్తం లెక్కన ఆయన ఎనిమిదో వంతే చెరోకీ. తల్లి, ఆమె తల్లి చెరోకీలు కాబట్టి వాళ్ళ లెక్కలో ఆయన పూర్తిగా వాళ్ళవాడే. 1835లో కొద్దిమంది వేరే పెద్దలు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం రాసి, మొత్తం జాతి భూమిని వదులుకుంటున్నట్టు సంతకాలు పెట్టారు. రాస్ ఒప్పుకోలేదు. 15 వేలకు పైగా చెరోకీల పేర్లతో అభ్యంతరం పంపాడు. ప్రభుత్వం ఆ కొద్దిమంది సంతకాలనే చెల్లుబాటు చేసింది. 1838లో సుమారు 16 వేలమందిని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టి పడమటికి నడిపించింది. దాదాపు 4 వేలమంది ప్రాణాలు పోయాయి.

ఇలాంటి కథ మన దగ్గరా ఉంది. గోదావరి ఏజెన్సీలో రంప మన్సబుదారు 1835లో చనిపోతే పెద్దరికం కూతురికి వచ్చింది. తర్వాత ఆమెను తప్పించి, 1848లో దొరతనం సమ్మతితో ఆ చనిపోయిన మన్సబుదారు కొడుకు మన్సబుదారు అయ్యాడు. కింది ముఠాదారులకు, కొండజనానికి ఆయన పెత్తనం భారమైంది. ఆయన వసూళ్ళు, కల్లు మీద పన్ను కలిసి 1879 రంప తిరుగుబాటుగా పేలాయి. ఇక సిర్నాపల్లి సంస్థానాన్ని జానకీబాయి ఏలింది. తండ్రి నుంచి కొడుక్కి అనే సూత్రం రాజుల ఇళ్ళలోనే ప్రతిసారీ నిలబడదని మా వైపు చరిత్రే చెబుతున్నా, తండా మీద దాన్ని మోపాను.

తప్పు తెలిశాక మొదట రెండు ఇళ్ళకూ పోయి చేతులు జోడించాను. నాయక్ ఇంటివాళ్ళకు కోపం వచ్చింది. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది, ఎందుకంటే ఆ పుస్తకం చేతికిచ్చింది నేనే. ఫోన్‌లో ఢాడీ పాట మళ్ళీ మొదటి నుంచి విన్నాను. పెద్ద నాయక్ పేరు తర్వాత ఆ తమ్ముడి పేరు స్పష్టంగా ఉంది. ఆ పాటను నసాబ్‌లో వినిపించాను. రసీదులో ఆ పిల్లవాడి పేరు ఎందుకు వచ్చిందో పెద్దావిడ స్వయంగా లేచి చెప్పింది. ఢాడీ పాట కూడా తిరుగులేనిదేం కాదు. పెట్టుపోతలు బాగా జరిపినవాళ్ళ పేరు కొంచెం గట్టిగా పాడే వీలుంటుంది. అందుకే కాగితం, పాట, వాడుక, మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ పాట, వాడుక రెండూ ఒక్కటే చెప్పాయి. కాగితం వేరుగా ఉన్న కారణం కూడా దొరికింది.

పుస్తకం మళ్ళీ అచ్చు వేయించాం. ఈసారి గీతలు తక్కువ, మాటలు ఎక్కువ. ఎవరి తర్వాత ఎవరు అనే దగ్గర, ఆ సంగతి ఎవరు చెప్పారో కూడా రాశాం. తమ్ముడి ఇంటి వాకిట్లో తీజ్ ఎందుకు పెడతారో ఒక పేజీ వేశాం. మరుసటి ఏడు మంచె ఒక్కటే పడింది, పాత వాకిట్లోనే. అయినా ఆ రెండిళ్ళ పెద్దల మధ్య మాట మునుపటిలా లేదు. దానికి నా దగ్గర మందు లేదు.

రాయాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. మిమ్మల్ని పిలిచిన ఇంట్లోనే కూర్చుని వంశం రాయకండి. పిలవని ఇంటికి ముందు పోండి. సర్కారు కాగితం దొరికితే అందులో ఏముందో చదివే ముందు దాన్ని ఎవరు, ఎందుకు, ఎవరికి భయపడి రాయించారో అడగండి. వయసులు లెక్క వేయండి. పండుగ ఎవరి వాకిట్లో మొదలవుతుందో, ఆడవాళ్ళు ఎవరి పేరు తలుస్తారో చూడండి. అచ్చుకు ఇచ్చే ముందు రాసిందంతా నలుగురిలో గట్టిగా చదివి వినిపించండి. ఆ రోజు ఎవరైనా ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోతే, పుస్తకం ఆపి వాళ్ళ వెనకే వెళ్ళండి.